ఆ మోటారు కట్టింది ఎవరో రైతుకు చెప్పండి

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర ఒక మండల కేంద్రం. మా ఆయనకు మోటారు వైండింగ్ (కాలిపోయిన మోటార్లకు మళ్లీ రాగి తీగ చుట్టే) షాపు ఉంది. బాబు హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. పాప ఈ ఏడు పదో తరగతి మంచి మార్కులతో పాసైంది. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేస్తానని పట్టుబట్టి కూర్చుంది. మా ఆయన ‘ఆడపిల్లకు కరెంటు పనేంది, నలుగురు నవ్వుతరు’ అంటున్నారు. సీజన్‌లో రాత్రి పన్నెండు దాకా పాప కాయిల్స్ వేసి ఇస్తేనే షాపు పని తెములుతుంది, అది వేరే సంగతి. మా పెద్దాడబిడ్డ తన కొడుక్కు చేసుకుంటానని చిన్నప్పటి నుంచి అనుకుంటున్నది. ఇప్పుడేమో ‘స్తంభాలెక్కే పిల్ల మాకొద్దు’ అంటున్నది. పాపను కోపాకో (ఐటీఐలో కంప్యూటర్ కోర్సు) ఇంటర్‌కో ఒప్పించే మార్గం చెప్పగలరు.

జవాబు: అమ్మా, పాపను ఒప్పించే మార్గం నేను చెప్పను. ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ఆడబిడ్డ సంబంధం గురించి కూడా ఎక్కువ మాట్లాడను. పదహారేళ్ల పిల్లకు పెళ్లి లెక్కలు వేసి చదువు ఎంచడం మానేయండి. మీ వదినగారు అడిగితే ‘పిల్ల చదువు అయినంక మాట్లాడుకుందాం’ అనండి, చాలు.

మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది మరో చోట. ‘అది వేరే సంగతి’ అన్నారు చూడండి, అక్కడ. అది వేరే సంగతి కాదు, అసలు సంగతి అదే.

యాసంగిలో బోర్లలో నీళ్లు దిగిపోయి, వోల్టేజీ పడిపోయి మోటార్లు కాలేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. పదో తరగతి పరీక్షలు మార్చిలో. అంటే మీ పాప పగలు పరీక్ష రాసి, రాత్రి మోటారు స్లాట్లలో రాగి తీగ కూర్చిందన్నమాట. తెల్లారి పొలానికి నీళ్లు కావాలని రైతు వచ్చి నిలబడితే మోటారు అప్పజెప్పింది మీవారు. డబ్బు తీసుకున్నదీ ఆయనే. ‘మా పాప కట్టింది’ అని ఒక్కరికైనా చెప్పారా? చెప్పి ఉంటే ఈ రోజు ‘నలుగురు నవ్వుతరు’ అనే మాట ఆయన నోట వచ్చేది కాదు. ఆ నలుగురి మోటార్లు నడుస్తున్నది ఆ పిల్ల చేతి పనితోనే.

కాబట్టి మీ ఇంట్లో సమస్య పాపకూ ఐటీఐకీ మధ్య లేదు, తండ్రికీ కూతురికీ మధ్య ఉంది. పని తీసుకుంటున్నారు, పేరు ఇవ్వడం లేదు. ఇంట్లో నలుగురూ తలా ఒక చెయ్యి వేయడం మంచిదే, నేను కాదనను. కానీ కొడుకును షాపు ఛాయలకు రానీయకుండా చదివించి, కూతురి చేత అర్ధరాత్రి దాకా పని చేయించుకొని, అదే పని ఆమె చదువుగా అడిగితే ఆడపిల్లవనడం న్యాయం కాదు. నాకు ఇది కోపం తెప్పించే విషయం. ఎదుటి మనిషి శ్రమను తన పేరున చెలామణీ చేసుకోవడం, అది కన్నతండ్రి చేసినా, ఆ మనిషిని తక్కువ చేయడమే.

మీవారు చెడ్డవారని అనుకోవడం లేదు. ఒక మాట ఆలోచించండి. పాపకు కాయిల్ వేయడం నేర్పింది ఆయనే కదా? ఎంతో ఓపికతో నేర్పితే తప్ప ఆ పని రాదు. కొడుక్కు అందని విద్యను కూతురు అందుకుంది. ఆయన లోలోపల సంతోషపడే ఉంటారు. పదిమందిలో చెప్పుకోవడానికే మనసు ఒప్పడం లేదు. ఆ ముడి మీరే విప్పాలి. ఇన్నాళ్లలో పాప కట్టిన మోటార్లు ఎవరెవరివో, ఎన్ని హెచ్‌పీవో ఇద్దరూ కూర్చుని ఒక పుస్తకంలో రాయమనండి. బయటి మనిషిని పెట్టుకుంటే ఎంత కూలి ఇచ్చేవారో పక్కన వేయమనండి. ఆ మొత్తం పాప పేరున బ్యాంకులో పడాలి. ఇక ముందు సెలవుల్లో, పగటి పూట మాత్రమే షాపు పని. రాత్రి పని ఈ వారం నుంచే బంద్.

ప్రమాదం అని మీరు రాయలేదు గానీ మీ మనసులో ఉండే ఉంటుంది. ప్రమాదం ఇప్పుడే ఎక్కువ. నిద్రమత్తులో టెస్టింగ్‌కు సప్లయి ఇచ్చే పిల్లకు ఎర్తింగ్ ఎలా ఉండాలో, సప్లయి పోయిందని ఎలా రూఢి చేసుకోవాలో, పక్క మనిషికి షాక్ తగిలితే ఏం చేయాలో పద్ధతిగా ఎవరు చెప్పారు? ఐటీఐలో మొదట నేర్పేది అదే.

ఇక చదువు సంగతి. ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్లు, కోపా ఒక ఏడాది. కంప్యూటర్ మీద ఇష్టమున్న పిల్లకు కోపా మంచిదే, మీ పాపకు ఆ ఇష్టం లేదు. ఐటీఐల్లో ఆడపిల్లలకు ప్రత్యేకంగా సీట్లున్నాయి. మహిళా ఐటీఐ అయితే బాగుంటుందని మీకు అనిపించవచ్చు, కానీ ముందు అక్కడ ఎలక్ట్రీషియన్ ఉందో లేదో కనుక్కోండి. చాలాచోట్ల కుట్టు, కోపా లాంటివే ఎక్కువ. లేకపోతే మామూలు ఐటీఐలోనే వేయండి. ఇరవై మంది బ్యాచ్‌లో ఒక్కతే అయినా భయం లేదు, అయితే చేర్చేముందు మీరు స్వయంగా వెళ్లి టాయిలెట్లు చూడండి, వర్క్‌షాపు చూడండి, ప్రిన్సిపాల్‌తో మాట్లాడండి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం, రానుపోను ఖర్చు కారణం చెప్పడానికి కూడా లేదు. ఐటీఐ తర్వాత ఎల్‌పీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. అక్కడి నుంచి ఈసెట్ అనే మరో ప్రవేశ పరీక్షతో ఇంజనీరింగ్ రెండో ఏడాదికి వెళ్లవచ్చు. అన్న చదువుతున్న చదువుకే మరో దారి ఇది.

స్తంభాలెక్కే పిల్ల అన్నారు కదా మీ వదినగారు. 2019లో జూనియర్ లైన్‌మన్ పోస్టులకు ఆడవాళ్లు పనికిరారని నోటిఫికేషన్ వచ్చినప్పుడు, సిద్దిపేట జిల్లా నుంచి బబ్బూరి శిరీష హైకోర్టు దాకా వెళ్లింది. స్తంభం ఎక్కే పరీక్ష నెగ్గి 2021లో ఉద్యోగంలో చేరింది. ఆమె చదివింది కూడా ఐటీఐ ఎలక్ట్రికలే. మీవారితో ఆమె గురించి చెప్పండి, కరెంటు పని తెలిసిన మనిషి గనుక స్తంభం ఎక్కడమంటే ఏమిటో ఆయనకు అర్థమవుతుంది.

కులం, ఆదాయం సర్టిఫికెట్లకు ఈ వారమే మీసేవలో పెట్టండి, అడ్మిషన్లు మొదలయ్యాక పరుగెత్తితే దొరకవు. ఆన్‌లైన్ అప్లికేషన్ బాబు చేత నింపించండి, చెల్లెలి చదువులో అతనికీ ఒక బాధ్యత ఉంది. మొదటి ఆప్షన్ ఎలక్ట్రీషియన్ పెట్టమనండి. పెట్టేటప్పుడు పాప పక్కనే కూర్చోవాలి.