గులాబీ రిబ్బను కన్నా ముందు నేర్వవలసినది పంచింగ్

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్మీడియట్ ఎంపీసీ పూర్తి చేసింది. మా ఆడపడుచు రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స తీసుకుంటున్న రోజులలో, తెలిసినవారి కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషను మీద ఆమెకు ఒక టోపీ, ఒక చేతిసంచీ కుట్టి ఇచ్చింది. అప్పటి నుంచి క్యాన్సర్ అవగాహన కానుకలకు, దుస్తులకు ఎంబ్రాయిడరీ డిజైన్లు చేయడమే వృత్తిగా పెట్టుకుంటానంటున్నది. ఇంజినీరింగ్ మాన్పించి ఈ దారిలో పంపవచ్చా? – ఒక తల్లి, తణుకు

జవాబు: అమ్మా, మీ అమ్మాయి కోరిక ఆదరించవలసినదే. అయితే ఆమె రెండు వేర్వేరు విషయాలను ఒకటిగా చూస్తున్నదని నాకనిపిస్తున్నది. గీసిన బొమ్మను మిషను కుట్టగలిగే ఫైలుగా మార్చడాన్ని మన ఎంబ్రాయిడరీ దుకాణాలలో పంచింగ్ అంటారు. జాకెట్ల మీద పనికి, స్కూలు యూనిఫాం బ్యాడ్జీలకు, కంపెనీ టోపీలకు అది ఏడాది పొడుగునా కావలసిన పని. క్యాన్సర్ అవగాహన కానుకలు ఆ పనిలో ఒక భాగం మాత్రమే, అది కూడా కొన్ని నెలలకే గిరాకీ ఉండే భాగం. మొదటిది చేతికి వచ్చిన తరువాత రెండవదానిని ఎప్పుడైనా చేపట్టవచ్చు.

గిరాకీ సంగతి ముందు చెబుతాను. రొమ్ము క్యాన్సర్ అవగాహన మాసంగా అక్టోబరును పాటించడం అమెరికాలో 1985లో మొదలైంది. సెప్టెంబరు పిల్లల క్యాన్సర్ల మాసం, నవంబరు 7 మన దేశపు జాతీయ క్యాన్సర్ అవగాహన దినం, ఫిబ్రవరి 4 ప్రపంచ క్యాన్సర్ దినం. ఇంటి మిషన్లున్నవారు రెడీమేడ్ డిజైన్ ఫైళ్లు కొనుక్కుని తువ్వాళ్ల మీద, దిండు గలీబుల మీద కుట్టుకునే అలవాటు ఎక్కువగా ఉన్నది అమెరికాలో. మన వైపు అవగాహన నడకలకు, పరుగులకు వందల సంఖ్యలో కావలసిన టీషర్టులు ప్రింటింగ్‌కే పోతాయి, ఎందుకంటే అది చౌక. ఎంబ్రాయిడరీకి మిగిలేవి టోపీలు, డాక్టర్ల కోట్లు, సంచులు, చికిత్స ముగించుకున్నవారికి ఇచ్చే కానుకలు. కనుక ఈ ఒక్క దాని మీదే ఇల్లు గడుస్తుందని లెక్క వేసుకోవద్దు.

ఇక పని లోతు ఎంతో, క్యాన్సర్ అవగాహనకు గుర్తుగా వాడే మెలిక రిబ్బను బొమ్మ ఒక్కటి చూస్తేనే తెలుస్తుంది. రొమ్ము క్యాన్సర్‌కు దాని రంగు గులాబీ. ఒక దుకాణంలో చొక్కా మీద కుట్టిన గులాబీ రిబ్బనును నేను వేలితో తడిమి చూశాను. రెండు కొసలు ఒకదాని మీదుగా ఒకటి దాటే చోట అది పావలా బిళ్ళలా గట్టిపడి ఉన్నది. కారణం, కింది కొసను పూర్తిగా కుట్టి, దాని మీద పై కొసను మళ్ళీ పూర్తిగా కుట్టడమే. పని తెలిసిన పంచర్, అంటే పంచింగ్ చేసేవాడు, పై కొస కిందికి వచ్చే భాగాన్ని తీసివేసి, అంచున సన్నని మేర మాత్రం కలిసేలా ఉంచుతాడు. మెలిక పైభాగంలో, ఒక అంచు నుంచి మరో అంచుకు దగ్గర దగ్గరగా పడే శాటిన్ కుట్లు వంపుతో పాటు తిరగాలి, లేకపోతే లోపలి అంచున సూది ఒకేచోట పదేపదే పడి బట్టకు రంధ్రం పడుతుంది. దారం బట్టను లాగుతుంది కాబట్టి తెర మీద కనిపించే వెడల్పు కన్నా కుట్టిన రిబ్బను సన్నగా వస్తుంది. ఆ తేడాను ముందే కలిపి గీయాలి. సాగే బట్టకు కింద ఆధారంగా వేసి, కుట్టాక మిగిలినది కత్తిరించే పొర (బ్యాకింగ్), తువ్వాలుకు పైన నీటిలో కరిగే పొర కావాలి. తెలుగు అక్షరాలు కుట్టాలంటే పని ఇంకా సున్నితం: వత్తులు, తలకట్లు కలిసిపోతాయి, గుండ్రని అక్షరాల లోపలి ఖాళీ పూడిపోతుంది. ధైర్యం చెప్పే ఒక మాటను చిన్న సైజులో కూడా చదవగలిగేలా తెలుగులో పంచ్ చేయగలిగితే, మీ అమ్మాయికి అదొక ప్రత్యేకమైన నేర్పు అవుతుంది.

ఈ రంగానికి మాత్రమే చెందిన జాగ్రత్త ఇంకొకటి ఉన్నది. చొక్కాల మీద చిహ్నం సాధారణంగా ఎడమ ఛాతీ మీద వేస్తారు. రొమ్ము తీసివేసిన శస్త్రచికిత్స జరిగిన స్త్రీకి మచ్చ ఉండేది అక్కడే కావచ్చు. రేడియేషన్ తీసుకున్న చర్మం ఒరిపిడిని ఓర్చుకోలేదు. అటువంటివారి దుస్తులకు డిజైన్‌ను చేతి అంచుకో, మెడ వెనక్కో జరపాలి. కీమోథెరపీలో జుట్టు రాలినవారి టోపీకి రెండు పొరల బట్ట తీసుకుని, పై పొర మీద మాత్రమే కుట్టాలి. కుట్టు వెనుకవైపు ముడులు, దారపు కొసలు నున్నటి తలకు గుచ్చుకుంటాయి. జరీ దారం అసలే వద్దు. మీ ఆడపడుచుగారు ఆ టోపీని ఎంతసేపు పెట్టుకోగలిగారో, ఎక్కడ ఇబ్బంది పడ్డారో ఆమెనే అడిగి తెలుసుకోమని మీ అమ్మాయికి చెప్పండి.

రిబ్బను రంగులలో పొరపాటు చేయరాదు. పిల్లల క్యాన్సర్లకు బంగారు రంగు, అండాశయ క్యాన్సర్‌కు నీలి ఆకుపచ్చ, అన్ని రకాలకూ కలిపి లేత ఊదా వాడుకలో ఉన్నాయి. ఎంబ్రాయిడరీ మిషన్లు ఎక్కువగా చదివే డీఎస్‌టీ రకం ఫైలులో దారం రంగు నమోదు కాదు, రంగు మార్చవలసిన చోటు మాత్రమే ఉంటుంది. కనుక ఫైలుతో పాటు రంగుల పట్టిక ఇవ్వాలి. అమ్మకంలో కొంత దానం చేస్తామని రాస్తే ఎంత, ఏ సంస్థకు అన్నది కూడా రాయాలి. గులాబీ రిబ్బను ఎలా వచ్చిందో చెబుతాను. కాలిఫోర్నియాకు చెందిన షార్లెట్ హేలీ అనే ఆమె రొమ్ము క్యాన్సర్ గురించి పీచు రంగు రిబ్బన్లను చేతితో చేసి పంచేది. 1992లో ఒక పత్రిక, ఒక సౌందర్య సాధనాల కంపెనీ వాటిని వాడుకుంటామని అడిగితే, అది వ్యాపారమవుతుందని ఆమె ఒప్పుకోలేదు. వారు రంగు మార్చి గులాబీని తీసుకున్నారు. ఈ కథ మీ అమ్మాయికి తెలిసి ఉండాలని నా కోరిక.

చదువు విషయానికి వస్తే, హైదరాబాద్ మాదాపూర్‌లోని జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ నిఫ్ట్‌లో నాలుగేళ్ల డిజైన్ డిగ్రీకి ఏ గ్రూపుతో ఇంటర్ చదివినవారైనా ప్రవేశ పరీక్ష రాయవచ్చు. టెక్స్‌టైల్ డిజైన్ ఆమెకు తగిన శాఖ. అది దొరకకపోతే కొన్ని ఐటీఐలలో సర్ఫేస్ ఆర్నమెంటేషన్ టెక్నిక్స్ అనే ఏడాది కోర్సు ఉన్నది. లేదా మామూలు డిగ్రీలో చేరి, సాయంత్రాలు ఏదైనా ఎంబ్రాయిడరీ యూనిట్‌లో పంచర్ పక్కన కూర్చోవచ్చు. ఇంజినీరింగ్ ఆమెకు ఇష్టం లేకపోతే బలవంతం చేయవద్దు, కానీ డిగ్రీ లేకుండా మాత్రం ఉంచవద్దు. మిషను ఇప్పుడే కొనవద్దు. ఇంక్‌స్టిచ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, ఇంట్లో ఉన్న కంప్యూటరు చాలు. పని పట్టుబడ్డాక, చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ పథకం కింద బ్యాంకులిచ్చే ముద్ర రుణం శిశు విభాగంలో 50 వేల వరకు, కిశోర్ విభాగంలో 5 లక్షల వరకు దొరుకుతుంది.

ప్రవేశ పరీక్ష లోపు ఆమె చేత ఒక పని చేయించండి. ఒకే రిబ్బనును రెండు, మూడు, నాలుగు అంగుళాల కొలతలలో విడివిడిగా పంచ్ చేసి, టీషర్టు మీద, తువ్వాలు మీద, టోపీ మీద కుట్టించి, అయిదుసార్లు ఉతికి ఆరవేయమనండి. ముడత పడినది, గట్టిపడినది, దారం లేచినది పక్కన పెట్టి, ఎందుకలా అయిందో ఒక నోటు పుస్తకంలో రాసి, ఆ నమూనాలతో పాటు నాకు పంపమనండి.