ఆజ్ఞ వెనకున్న గొంతు

గుంటూరు,
ఆదివారం సాయంత్రం.

చిట్టితల్లీ,

నీ మెసేజ్ గురువారమే చూశాను. ఫోన్లో రెండు ముక్కలు కొట్టి పంపే సంగతి కాదనిపించింది. ఇవాళ గుడి నుంచి వచ్చి, భోంచేసి, కాగితం ముందేసుకున్నాను.

"పెద్దమ్మా, బైబిల్ తెరిస్తే చెయ్యకు, పోకు, ముట్టకు అనే వినపడుతోంది. హాస్టల్ గోడమీద నోటీసు చదివినట్టుంది. ఇందులో ప్రేమ ఎక్కడుంది?" అని అడిగావు. నువ్వు అలా అడిగినందుకు నాకు కోపం రాలేదమ్మా, సంతోషమేసింది. ముప్పై ఏళ్లు ఆదివారపు బడిలో పిల్లల చేత పది ఆజ్ఞలు కంఠతా పట్టించాను. అందులో చాలా ఏళ్లు నాకూ అవి నోటీసులాగే వినపడ్డాయి. ఆ సంగతి దాచిపెట్టి నీకు బోధ చేస్తే నా నోటికి నిజం రాదు.

ముందు మా నాయనమ్మ సంగతి చెప్తాను. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు మిరపకల్లంలో ఆడవాళ్లంతా కూర్చుని తాలుకాయలు ఏరుతుంటే నేనూ వెళ్లి కూర్చున్నాను. "కళ్లు ముట్టుకోకే!" అని నాయనమ్మ గట్టిగా కేకేసింది. అంతమందిలో అరిచిందని నాకు రోషం వచ్చింది. ఏడుపొచ్చింది. ఏడుపొస్తే కళ్లు తుడుచుకోకుండా ఎలా ఉంటాను? తుడుచుకున్నాను. ఆ మంట నీకు చెప్పక్కర్లేదు, గుంటూరు పిల్లవి. నా కేకలకు ముందు పరుగెత్తుకొచ్చింది ఆ అరిచిన మనిషే. చన్నీళ్లతో ఎన్నిసార్లు కడిగిందో లెక్కలేదు. ఆ రాత్రంతా నన్ను ఒళ్లో పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. "చెప్పానా లేదా" అని ఒక్కసారి కూడా అనలేదు. కల్లంలో నాకు కేక వినపడింది గానీ నాయనమ్మ వినపడలేదు. ఆమె ఎవరో, నేను ఆమెకు ఏమవుతానో ఆ క్షణాన మర్చిపోయాను.

దేవుని ఆజ్ఞల దగ్గర కూడా మనం చేసే పొరపాటు ఇదేనని నాకు అనిపిస్తుంది. మాట పట్టుకుని గొంతు వదిలేస్తాం.

నిర్గమకాండము ఇరవయ్యో అధ్యాయం తియ్యి. పది ఆజ్ఞలు అనగానే అందరం మూడో వచనానికి పోతాం, "నేను తప్ప వేరొక దేవుడు" అని. దాని ముందు వచనం చదువు. "దాసుల గృహమైన ఐగుప్తుదేశములోనుండి నిన్ను వెలుపలికి రప్పించితిని" అని ఉంది. అంటే ఒక్క ఆజ్ఞ కూడా నోట రాకముందే, ఐగుప్తులో, అదే ఈజిప్టులో, దాసులుగా ఉన్న ఇశ్రాయేలీయులకు విడుదల అయిపోయింది. సముద్రం పాయలైంది పద్నాలుగో అధ్యాయంలో. ఆకలికి ఆహారంగా ఆకాశం నుంచి మన్నా కురిసింది పదహారులో. సీనాయి కొండ దగ్గరికి వచ్చింది పంతొమ్మిదిలో. అక్కడ కూడా మొదటి మాట ఏమిటో తెలుసా? మిమ్మల్ని గద్ద రెక్కలమీద మోసి నా దగ్గరికి చేర్చుకున్నాను, చూశారు కదా అని. ఆజ్ఞలు ఆ తర్వాత. మోషే ఆ రాతి పలకలు ఐగుప్తుకే పట్టుకెళ్లి, "ఇవి సరిగ్గా పాటిస్తే మిమ్మల్ని విడిపిస్తాడట" అని చెప్పలేదమ్మా. ఎత్తుకొచ్చిన తర్వాత, ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఇక మన ఇంట్లో ఇలా బతుకుదాం అని చెప్పిన మాటలు అవి. నువ్వు ఏ ఆజ్ఞ చదివినా ఆ రెండో వచనాన్ని ముందు పెట్టుకుని చదువు. పైకే చదువు, నీ చెవులకు వినపడేలా.

ఇంకో సంగతి. "ఇశ్రాయేలూ వినుము" అని ద్వితీయోపదేశకాండము ఆరో అధ్యాయంలో ఉందే, ఆ "వినుము"కి హెబ్రీలో ఉన్న మాట షెమా. చెవితో వినడానికీ, చెప్పినట్టు చెయ్యడానికీ ఆ భాషలో అదే మాట. ఇది మనకు కొత్తేం కాదు. "మా వాడు నా మాట వినడు" అని తల్లి అంటే పిల్లాడికి చెవుడని ఎవరూ అనుకోరు కదా. మన తెలుగు బైబిల్లో ఇంకో పాతమాట ఉంది, "నా ఆజ్ఞలను గైకొందురు" అని. గైకొనడం అంటే కైకొనడం, చేతిలోకి తీసుకోవడం. ఎవరైనా ప్రేమగా ఏదైనా ఇస్తే రెండు చేతులూ చాచి అందుకుంటాం చూడు, అలాగ. ఈ మాట అర్థమైన రోజు నుంచీ నేను ఆ వచనం చదివినప్పుడల్లా నాకు తెలియకుండానే అరచేతులు తెరుచుకుంటాయి. యూదులు ఏటా సిమ్హాత్ తోరా అనే పండుగనాడు ధర్మశాస్త్ర గ్రంథపు చుట్టలు చేతుల్లోకి ఎత్తుకుని పాడుతూ నాట్యం చేస్తారు. నోటీసు బోర్డు ఎత్తుకుని ఎవరైనా నాట్యం చేస్తారా?

ఇప్పుడు నా సంగతి.

మీ పెదనాన్న వైపు పంపకాల్లో ఒక మాట వచ్చింది. ఎవరిది తప్పు అన్నది ఇప్పుడు అనవసరం. నేనూ నా తోటికోడలూ పదకొండేళ్లు మాట్లాడుకోలేదు. ఆ పదకొండేళ్లలో నేను ఒక్క నెల దశమభాగం తప్పలేదు. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో ఉపవాసం తప్పలేదు. స్త్రీల సమాజం కూడికకు జ్వరంతో వెళ్లిన రోజులున్నాయి. లూకా పదిహేనులో తప్పిపోయిన కుమారుని కథలో, ఇల్లు వదిలిపోయిన తమ్ముడు తిరిగొచ్చినప్పుడు పెద్దకొడుకు తండ్రితో అంటాడు చూడు, "నీ ఆజ్ఞను నేనెన్నడును మీరలేదే" అని. ఆ మాట నాదే. ఇంట్లోనే ఉండి, పొలం పనంతా చేసి, ఒక్క ఆజ్ఞ మీరకుండా, తండ్రి మనసు మాత్రం తెలుసుకోలేకపోయాడు. తమ్ముడు తిరిగొచ్చినందుకు తండ్రి ఎంత సంతోషిస్తున్నాడో అతనికి పట్టలేదు. లోపలికి రమ్మని తండ్రే బయటికొచ్చి బతిమాలాడు. నాకూ చాలా ఏళ్లు ఆజ్ఞలు కావలసి వచ్చాయి గానీ, ఆయన అక్కరలేకపోయాడు.

ఒక శ్రమల దినాల్లో పిల్లలకు మత్తయి అయిదో అధ్యాయం చెప్తున్నాను. బలిపీఠం దగ్గర అర్పణ పెడుతుండగా నీ సహోదరుడికి నీమీద ఏదైనా ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలిపెట్టి, ముందు వెళ్లి సమాధానపడు అన్న మాట. ఒక పిల్లాడు లేచి, "టీచర్, అక్కడే వదిలేసి వెళ్తే ఎవరన్నా ఎత్తుకుపోరా?" అన్నాడు. పిల్లలంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు ఆగిపోయింది. ప్రభువు ఆ మాట చెప్పింది గలిలయలో. బలిపీఠం ఉన్నది యెరూషలేములో. నడిచి వెళ్తే సుమారు మూడు రోజుల దారి. అర్పణ వదిలి ఊరికి తిరిగొచ్చి, సమాధానపడి, మళ్లీ వెళ్లాలి. ఎత్తుకుపోతే పోనీ, నాకు నీ గొఱ్ఱెపిల్ల కంటే నీ అన్నదమ్ముడు ముఖ్యం అంటున్నాడు. పదకొండేళ్లుగా నేను కానుకల సంచిలో వేసిన కవర్లన్నీ కళ్లముందు కనపడ్డాయి.

మర్నాడు తెనాలి బస్సెక్కాను. ఎక్కేటప్పుడు నా మనసులో ప్రేమ లేదమ్మా, నిజం చెప్తున్నాను. కాళ్లు వెళ్తున్నాయి, అంతే. ఆమె పెరట్లో వడియాలు పెడుతోంది. నన్ను చూసి చెయ్యి ఆపింది. "కూర్చో" అంది. మంచినీళ్లు తెచ్చింది. క్షమాపణలు పెద్దగా ఏమీ జరగలేదు. నేను కొంగు దోపుకుని ఆమె పక్కన కూర్చుని మిగతా వడియాలు పెట్టాను. పిండి అయిపోయే సరికి ఇద్దరం ఏడుస్తున్నాం. "వెళ్లి సమాధానపడుము" అన్న మాట ఎన్నిసార్లు పిల్లల చేత చెప్పించానో. ఆ రోజు వినపడినట్టు ఎప్పుడూ వినపడలేదు. ఎవరో నా గుండెమీది బండ పట్టుకుని, "ఇటు నువ్వు ఎత్తు, అటు నేను ఎత్తుతాను" అన్నట్టుంది.

అందుకే, ప్రేమ పుట్టాక లోబడతాను అని కూర్చోకు. కొన్నిసార్లు ముందే ఉంటుంది. కొన్నిసార్లు దారిలో ఎక్కడో ఎక్కుతుంది.

ఇక ఎలా చదవాలో అడిగావు కాబట్టి నేను చేసేది చెప్తాను. ఒక్క ఆజ్ఞ తీసుకుని వారమంతా దానితోనే ఉంటాను. మన లూథరన్ సంఘానికి మూలపురుషుడైన లూథరు గారు 1529లో పిల్లల కోసం, ఇంటి పెద్దల కోసం రాసిన చిన్న ప్రశ్నోత్తరాలు నువ్వు సంఘంలో పూర్తి సభ్యురాలివైన కన్ఫర్మేషన్ అప్పుడు వల్లించావు. ఆయన అందులో ఏం చేశాడో అప్పుడు గమనించి ఉండవు. దాదాపు ప్రతి ఆజ్ఞ వివరణా దేవునికి భయపడి ఆయనను ప్రేమించాలి అనే మొదలవుతుంది. ఆ తర్వాత "వద్దు" అన్నదాన్ని "చెయ్యి"గా తిప్పుతాడు. నరహత్య చెయ్యవద్దు అంటే పొరుగువాడికి దెబ్బ తగలనివ్వకపోవడంతో సరిపోదు, వాడి ఒంటికి వచ్చిన కష్టంలో ఆదుకోవాలి. అబద్ధసాక్ష్యం వద్దు అంటే వాడి గురించి మంచి మాట చెప్పాలి, వాడు చేసినదాన్ని మంచి అర్థంలో తీసుకోవాలి. నువ్వూ అలాగే తిప్పి చూడు. ఈ ఆజ్ఞ వల్ల ఎవరు ఊపిరి పీల్చుకుంటారు అని అడుగు. తోచిన దాంట్లో చిన్నది ఒకటి ఆ రోజే చెయ్యి. రేపటికి పెడితే అది ఆలోచనగానే మిగిలిపోతుంది.

విశ్రాంతిదినం తీసుకో. మన లెక్కలో మూడో ఆజ్ఞ, బాప్టిస్టు వాళ్ల లెక్కలో నాలుగోది. ద్వితీయోపదేశకాండము అయిదో అధ్యాయంలో దీనికి చెప్పిన కారణం చూడు. మీరు ఐగుప్తులో దాసులై ఉన్నారని జ్ఞాపకం చేసుకోండి అని. ఇటుకలు చేసే దాసుడికి సెలవెక్కడిది? సెలవు తీసుకోగలిగినవాడు దాసుడు కాడు. ఆదివారం కూడా లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చునే నీకు, "ఇక నువ్వు ఎవరి బానిసవూ కావు, లేచి కూర్చో" అని చెప్తున్నాడు ఆయన. దాని ముందు వచనంలో నీ దాసీ, నీ పశువులూ కూడా విశ్రమించాలని ఉంది. నీ ఫ్లాట్లో గిన్నెలు తోమే అమ్మాయికి ఆదివారం సెలవుందా? లేకపోతే ఈ వారం నుంచి ఇవ్వు, జీతం కోయకుండా. ఆ రోజు నీ గిన్నెలు నువ్వు తోముకుంటూ ఆ వచనం మళ్లీ తలుచుకో.

ఒక జాగ్రత్త చెప్పాలి. దేవుని పేరు చెప్పి తమ మాట నెగ్గించుకునే వాళ్లుంటారు. "నాకు దర్శనం వచ్చింది, ఈ సంబంధం దేవుని చిత్తం, లోబడు" అని నీకు ఒకరు చెప్పారని మీ అమ్మ నాతో అంది. నువ్వు భయపడకు. అలాంటి చోట నువ్వు ఆగితే దేవునికి ఎదురు తిరిగినట్టు కాదు. భార్యలు లోబడాలి అన్న వచనం గట్టిగా చదివేవాళ్లు, దాని పైనున్న "ఒకనికొకడు లోబడియుండుడి" అన్నది మెల్లగా దాటేస్తారు. క్రీస్తు సంఘం కోసం తన్ను తాను అప్పగించుకున్నట్టు భర్త భార్యను ప్రేమించాలని కింద ఉన్నది అసలు చదవనే చదవరు. ఎవరైనా ఆజ్ఞ అంటే, ఇది గద్ద రెక్కలమీద మోసినవాడి గొంతేనా అని చూడు. నిన్ను మోసినవాడు నిన్ను తొక్కమని ఎవరికీ చెప్పడు.

తప్పిపోయిన రోజు ఏం చెయ్యాలి అనీ అడిగావు. ప్రభువు శిష్యుడు పేతురును చూడు. చలిమంట దగ్గర నిలబడి ప్రభువును ఎరగనని మూడుసార్లు అన్నాడు. తర్వాత తిబెరియ సముద్రం ఒడ్డున మళ్లీ నిప్పులు, వాటిమీద చేపలు, రొట్టె. ముందు భోజనం పెట్టాడు ప్రభువు. పెట్టాక "నీవు నన్ను ప్రేమించుచున్నావా" అని మూడుసార్లు అడిగాడు. ఎందుకు అబద్ధమాడావు అని అడగలేదు. ప్రేమిస్తున్నానని పేతురు అన్న ప్రతిసారీ ఒక పని చెప్పాడు, నా గొఱ్ఱెలను మేపు అని. నిన్ను మళ్లీ నమ్ముతున్నాను అని చెప్పడానికి అంతకంటే మంచి మాట ఏముంది? చేతిలో పని పెట్టాడు.

చీకటి పడుతోంది, కళ్లజోడు కూడా సరిగ్గా ఆనడం లేదు. వచ్చే ఆదివారం ద్వితీయోపదేశకాండము అయిదో అధ్యాయం పైకి చదువు. చదివి ఏమనిపించిందో ఫోన్ చెయ్యి, మూడు దాటాక చెయ్యి, అప్పటిదాకా నేను గుడిలోనే ఉంటాను. క్రిస్మస్‌కి రెండు రోజుల ముందే రా. తెనాలి పిన్ని కూడా వస్తానంది, అరిసెలకు పాకం ఆమే పట్టాలి.

దీవెనలతో,
పెద్దమ్మ