సీపీఆర్ (గుండె ఆగినవాళ్లకు ఛాతీ నొక్కి చేసే అత్యవసర చికిత్స) చేస్తున్నప్పుడు ఇంటివాళ్లు లోపల ఉండొచ్చా?

ఉండొచ్చు, పక్కన ఒక నర్సు నిలబడి జరుగుతున్నది చెబుతుంటే, వాళ్లు చికిత్సకు అడ్డు రాకుంటే. అనుమతించాలా వద్దా అన్నది మాత్రం అక్కడి డాక్టర్ల ఇష్టమే.

తలుపు బయట ఉన్నవాళ్లను 'అసలు ప్రయత్నించారా' అన్న అనుమానం ఏళ్ల తరబడి పీకొచ్చు. చూసినవాళ్లకు ఆ బెంగ తగ్గొచ్చు. ఫ్రాన్స్‌లో ఇళ్ల దగ్గర జరిగిన సీపీఆర్‌ల మీద 570 మంది బంధువులతో చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. మూడు నెలల తర్వాత చూస్తే, దగ్గరుండి చూసినవాళ్లలోనే మానసిక గాయం లక్షణాలు తక్కువ.

అలిపిరి మెట్ల మీద ఒకాయన గుండె ఆగి పడిపోతే తిరుపతి ఆసుపత్రికి తెచ్చారనుకుందాం. భార్యను కాళ్లవైపు నిలబెట్టి నర్సు చెబుతుంది: "అమ్మా, ఛాతీ నొక్కుతున్నారు. రెండు నిమిషాలకోసారి ఆపి గుండె చూస్తారు." కొడుకు చూడలేనంటే బయటే ఉండొచ్చు, బలవంతమేమీ లేదు. వెంట వచ్చిన పదిమందీ లోపలికి వస్తామంటే మాత్రం కుదరదు (మన ఎమర్జెన్సీల్లో మంచం పక్కన జాగా ఎంతుంటుందో తెలిసిందే).

ఇంటివాళ్లు చూస్తుంటే డాక్టర్లు టెన్షన్ పడి రోగి ప్రాణం మీదికొస్తుందని చాలామంది అనుకుంటారు. ఆ అధ్యయనంలో బతికినవాళ్ల సంఖ్యలో గానీ, వైద్య సిబ్బంది ఒత్తిడిలో గానీ తేడా కనబడలేదు.