పన్నెండేళ్ళు దాటితే అమెరికా సర్కారు భూమి మనదవుతుందా?

ప్రశ్న: ఆరేళ్ళ క్రితం దాచుకున్నదంతా పెట్టి నెవాడాలో 10 ఎకరాలు కొన్నాం. కంచె పాత యజమాని 1994లో వేసింది. గృహప్రవేశానికి గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఆ చివర దానిమ్మ మొక్కలు నాటారు. ఇప్పుడేమో కంచె లోపలి ఒక ఎకరం తమదని, ఫెడరల్ (కేంద్ర) సర్కారు భూములు చూసే బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ నోటీసు పంపింది. పన్నెండేళ్ళు దాటిన అనుభవం చెల్లదా? నోటీసుకు జవాబివ్వకుండా గట్టిగా కూర్చోమంటున్నాడు పక్క ర్యాంచ్ ఆయన.

జవాబు: ఆ ఎకరం మీ డీడ్‌లో (కొనుగోలు దస్తావేజులో) ఉందా? మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, ఆ ముక్క ఎక్కడా లేదు. కేసంతా దానిమీదే ఉంది. సర్వే చేయించకుండా, కంచెనే హద్దనుకుని జీవితకాలం పొదుపు పెట్టడం పెద్ద తప్పు.

పన్నెండేళ్ళ లెక్క మీరు ఇండియా నుంచి తెచ్చుకున్నది. అక్కడ 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం ప్రైవేటు భూమికి 12 ఏళ్ళు, సర్కారు భూమికి 30. అమెరికా ఫెడరల్ భూమిలో ఎన్నేళ్ళు కూర్చున్నా స్వాధీనానుభవం వల్ల హక్కు రాదు. భూమి హక్కు ఎవరిదో తేల్చమని సర్కారు మీద కోర్టుకెళ్ళనిచ్చే 1972 నాటి క్వైట్ టైటిల్ చట్టంలో 12 ఏళ్ళ మాట ఉంది గానీ, అది సర్కారు మీద దావా వేయడానికి మీకున్న గడువు. సర్కారు హక్కు సంగతి మీకు గానీ, మీ ముందు యజమానులకు గానీ తెలిసిన రోజు నుంచి, తెలిసి ఉండాల్సిన రోజు నుంచి కూడా, అది నడుస్తుంది. అమ్మినాయనకు 1998లో ఇలాంటి ఉత్తరం ఒకటి వచ్చి ఉంటే, 2010తోనే మీ గడువు అయిపోయినట్టు. వెంటనే ఆయన్ని అడగండి.

పక్కాయన మాట వినొద్దు. ఆయన మనసులో ఉన్నది ఫెడరల్ భూమిలో పశువులు మేపిన నెవాడా ర్యాంచర్ క్లైవెన్ బండీ. బండీ 1993లో మేత రుసుము కట్టడం మానేశాడు, 2014లో ఆయన వర్గం తుపాకులతో ఫెడరల్ అధికారులకు ఎదురు నిలిచింది. 2018లో క్రిమినల్ కేసు కొట్టేసింది ప్రాసిక్యూటర్లు సాక్ష్యం దాచినందుకు. భూమి ఆయనదని ఏ కోర్టూ అనలేదు. 1998లో, 2013లో వచ్చిన తీర్పులు ఆయనకు వ్యతిరేకమే. ఫెడరల్ భూములు తనవని నెవాడా రాష్ట్రం 1979లో చట్టమే చేసింది, ఒక్క ఎకరం దక్కలేదు. 1.85 కోట్ల ఎకరాల గురించి యూటా వేసిన దావాను 2025 జనవరిలో సుప్రీంకోర్టు విచారణకే తీసుకోలేదు. రాష్ట్రాలకే దొరకనిది మొండితనంతో మీకు దొరకదు. తెలిసీ కదలకపోతే, పొరపాటున జరిగిన ఆక్రమణ కాస్తా ఉద్దేశపూర్వకమవుతుంది.

నోటీసులోని గడువు లోపల రాతపూర్వకంగా జవాబివ్వండి. లైసెన్సున్న సర్వేయర్‌ను పెట్టండి. హద్దు దగ్గర పాత సర్కారు సర్వే రాయి, ఇత్తడి మూత ఉంటే ముట్టుకోవద్దు, పీకితే ఫెడరల్ నేరం. టైటిల్ ఇన్సూరెన్స్ (భూమి హక్కుకు బీమా) పాలసీలో సర్వే మినహాయింపు, అంటే సర్వేలో బయటపడే హద్దు తగాదాలకు బీమా వర్తించదన్న షరతు, ఉందేమో చూసుకోండి. ఆ ఎకరం డీడ్‌లో ఉంటే 1928 కలర్ ఆఫ్ టైటిల్ (పైకి హక్కులా కనిపించే పత్రం) చట్టం కింద అర్జీ పెట్టొచ్చు: మీదీ పాతవారిదీ కలిపి తమదేనని నిజాయతీగా నమ్మి 20 ఏళ్ళకు మించి చేసిన అనుభవం, నేలమీద విలువైన కట్టడమో సాగో చూపాలి. మొక్కల ఫొటోలు తేదీలతో సహా అప్పుడు పనికొస్తాయి.

డీడ్‌లో లేకపోతే, 1976 ఫెడరల్ ల్యాండ్ పాలసీ చట్టం కింద నేరుగా మీకే అమ్మమని అడగాలి. భూమిని సర్కారు దగ్గరే ఉంచుకోవాలన్నది ఆ చట్టం విధానం, అందుకే ఒప్పుకోవడం వాళ్ళ ఇష్టం, ధర మార్కెట్ ధర. ఇంకొకటి, వ్యక్తులకైతే అమెరికా పౌరులకే అమ్ముతారు. మీ ఇద్దరిలో పౌరసత్వం ఎవరికుందో రాయలేదు. ముందది చూసుకుని అర్జీ ఎవరి పేరున పెట్టాలో తేల్చుకోండి.