చార్మినార్ దగ్గర అమ్మే ముత్యాలు హైదరాబాద్‌లో పుట్టినవేనా?

కావు, చార్మినార్, పత్తర్‌గట్టీ షాపుల్లో ఇప్పుడు దొరికే వాటిలో ఎక్కువ భాగం చైనాలో చెరువుల్లో పెంచిన మంచినీటి ముత్యాలు. హైదరాబాద్‌కి అసలు సముద్రమే లేదు కదా. మరి ముత్యాల నగరం అని పేరెందుకంటే, నిజాంల కాలంలో ఇక్కడి నవాబులు, సంపన్న కుటుంబాలు ముత్యాలు బాగా కొనేవాళ్లు, బస్రా ముత్యాలని పిలిచే గల్ఫ్ సరుకు ఇక్కడికి వచ్చేది, దాంతో వాటికి బెజ్జం వేసేవాళ్లు, సైజుల వారీగా ఏరేవాళ్లు, దండ గుచ్చేవాళ్లు ఇక్కడే కుదురుకున్నారు. 1930ల్లో జపాన్ పెంపకం ముత్యాల దెబ్బకి గల్ఫ్ వ్యాపారం కుప్పకూలింది. సరుకు వచ్చే చోటు మారింది, పనితనం మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

ధర సంగతి చూడండి. బియ్యపు గింజ ఆకారంలో ఉన్న దండ చవకగా వస్తుంది, అదే పొడవున్న గుండ్రటి ముత్యాల దండ చాలా ఎక్కువ పలుకుతుంది, ఎందుకంటే ముత్యం పెరగడానికి మంచినీటి ఆల్చిప్పల్లో మామూలుగా గుండ్రటి పూస పెట్టరు, చిన్న కణజాలం ముక్క పెడతారు, అందుకని నిండు గుండ్రం తక్కువగా తయారవుతుంది.

చాలామంది కల్చర్డ్, అంటే పెంపకం ముత్యం, నకిలీ అనుకుంటారు. కాదు, అది కూడా ఆల్చిప్పలో పెరిగిన అసలు ముత్యమే. నకిలీ అంటే పైపూత వేసిన గాజు లేదా ప్లాస్టిక్ పూస. షాపువాళ్లు లైటర్ వెలిగించి చూపించే పరీక్షని మరీ నమ్మకండి, ప్లాస్టిక్ అయితే బయటపడుతుంది గానీ గాజు పూస కూడా కాలదు, పైగా ఆ వేడికి మంచి ముత్యమే పాడవచ్చు. రెండు ముత్యాలని మెల్లగా రుద్దితే కాస్త గరుకు తగలాలి.