బ్రిటన్ విదేశీ సాయంపై పార్లమెంటు కమిటీకి రాస్తే ఎవరైనా పట్టించుకుంటారా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీరు బ్రిటన్‌లో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నారు, పార్లమెంటు దిగువ సభ కామన్స్‌లో విదేశీ సాయాన్ని పర్యవేక్షించే అంతర్జాతీయ అభివృద్ధి కమిటీకి రాతపూర్వక సాక్ష్యం పంపుదామనుకుంటున్నారు, కానీ దాన్ని ఎవరైనా చదువుతారా, చదివినా ప్రభుత్వం వింటుందా అని సందేహం. చదువుతారండీ. ప్రభుత్వం మాత్రం చాలాసార్లు వినదు. అయినా రాయమనే చెప్తాను, ఎందుకంటే వినడం కన్నా ముందు జరగాల్సింది ఒకటుంది, ప్రభుత్వం చేత జవాబు చెప్పించడం. అది ఆ కమిటీ చేయగలదు, మనం చేయలేం.

నేను ఎనిమిదేళ్లు అలాంటి సంస్థలోనే ప్రాజెక్టు లెక్కలు, రిపోర్టులు చూశాను. 2021 ఏప్రిల్‌లో, ప్రభుత్వం విదేశీ సాయం తగ్గించడంతో, మాకు నిధులు అందించే పెద్ద భాగస్వామ్య సంస్థ నుంచి ఈమెయిల్ వచ్చింది, ఆడపిల్లల చదువు కోసం నడుపుతున్న మూడేళ్ల కార్యక్రమాన్ని రెండో ఏడాది మధ్యలోనే ఆపేయాలని, తొంభై రోజుల్లో అన్నీ సర్దుకోవాలని. టీచర్ల శిక్షణ అయిపోయింది, పుస్తకాలు అచ్చయి గోదాములో ఉన్నాయి, వాటిని బళ్లకు చేర్చడానికి డబ్బు లేదు. మా ప్రాజెక్టే ఎందుకు, ఏ లెక్కన ఆపారు అని అడిగితే నెలల తరబడి జవాబు లేదు. ఆ బాధలో కమిటీకి పది పేజీలు రాశాను. పేదరికం గురించి, న్యాయం గురించి, ఇచ్చిన మాట తప్పడం గురించి. కమిటీ దాన్ని స్వీకరించి ప్రచురించింది, నివేదికలో మాత్రం దాని ఊసే లేదు.

తర్వాత కమిటీ ఇంకో అంశంపై జరిపిన విచారణకు రెండు పేజీలే రాశాను. ఏ తేదీన చెప్పారు, ఎన్ని రోజులు గడువిచ్చారు, అప్పటికి ఎంత ఖర్చయింది, మూసేయడానికే విడిగా ఎంత అయింది, చివర్లో మంత్రిని అడగాల్సిన ప్రశ్న ఒక్కటి. ఆ విచారణ రోజు వెళ్లి జనం కూర్చునే కుర్చీల్లో కూర్చున్నాను (బహిరంగ విచారణలకు ఎవరైనా వెళ్లొచ్చు, భద్రతా తనిఖీ దాటితే చాలు). ఒక సభ్యురాలు మూసివేత ఖర్చుల గురించి అడిగారు. అది నా ఒక్కదాని ప్రశ్న అనను, చాలామంది అదే రాసి ఉంటారు. ఎదురుగా కూర్చున్న అధికారి కాగితాలు తిరగేసి, తర్వాత రాతపూర్వకంగా పంపుతామన్నారు. కొన్ని వారాలకు ఆ ఉత్తరం కమిటీ పేజీలో కనిపించింది. ఎంత తిరిగినా మాకు దొరకని సమాధానం అందులో అర పేజీలో ఉంది! మా ప్రాజెక్టు తిరిగి రాలేదు. కానీ దాన్ని ఏ లెక్కన ఆపారో మొదటిసారి తెలిసింది, ఊళ్లో టీచర్లకు ఫోన్ చేసి చెప్పగలిగాను.

ఇది ఎందుకింత ముఖ్యమో తెలియాలంటే 2015 చట్టం చూడాలి. జాతీయాదాయంలో 0.7 శాతం విదేశీ సాయానికి ఇవ్వాలని ఆ ఏడాది చట్టమే చేశారు. మరి ఇవ్వకపోతే? కోర్టు లేదు, జరిమానా లేదు. ఎందుకు అందుకోలేకపోయారో మంత్రి పార్లమెంటుకు వివరణ ఇవ్వాలి, అంతే. అంటే ఆ చట్టానికి ఉన్న బలమంతా పార్లమెంటు నిలదీయడంలోనే ఉంది, పార్లమెంటు ఊరుకుంటే చట్టం ఉన్నా లేనట్టే. 2021లో దాన్ని 0.5కి తగ్గించారు, జులై 13న సభలో ఓటు పెడితే 333 మంది కోతకు అనుకూలం, 298 మంది వ్యతిరేకం. 2025 ఫిబ్రవరిలో రక్షణ ఖర్చు కోసం 2027 నాటికి 0.3కి దించుతామని ప్రకటించారు. అప్పటి అంతర్జాతీయ అభివృద్ధి మంత్రి అనెలీస్ డాడ్స్ రాజీనామా చేశారు. కమిటీ అధ్యక్షురాలు సారా చాంపియన్ లేబర్ పార్టీ మనిషే, అయినా తన పార్టీ ప్రభుత్వ నిర్ణయాన్ని బాహాటంగా తప్పుబట్టారు. 2010 నుంచి ఇలాంటి కమిటీల అధ్యక్షుల్ని సభంతా కలిసి రహస్య ఓటుతో ఎన్నుకోవడం వల్ల ఆ స్వతంత్రం వచ్చిందని నా నమ్మకం.

కోతలను ఆపలేకపోయారు కదా అంటారేమో. నిజమే. కానీ 2023 ఆగస్టులో జరిగింది చూడండి. కోతల వల్ల ఎవరికి ఎంత దెబ్బ తగులుతుందో విదేశాంగ శాఖ అధికారులు లోపల వేసుకున్న అంచనాను కమిటీ అడిగి తెప్పించుకుని బయటపెట్టింది. యెమెన్‌లో 5 లక్షల మంది మహిళలు, పిల్లలకు వైద్యం అందకుండా పోతుందని, అఫ్గానిస్తాన్‌కు ఇచ్చేదానిలో 76 శాతం కోత పడుతుందని అందులో ఉంది. అది ఉద్యమకారుల లెక్క కాదు, ప్రభుత్వం సొంత కాగితం. ఇక ఆ తర్వాత మాకు తెలియదని ఎవరూ అనలేరు.

ఇంకొకటి, శరణార్థుల హోటళ్ల ఖర్చు. శరణు కోరి వచ్చినవాళ్లకు మొదటి ఏడాది అయ్యే ఖర్చును విదేశీ సాయం కింద రాసుకోవచ్చని ధనిక దేశాల కూటమి ఓఈసీడీ నియమం ఉంది. దాంతో 2022లో బ్రిటన్ సాయం మొత్తం 1,280 కోట్ల పౌండ్లయితే అందులో 370 కోట్లు దేశం దాటనే లేదు. వాళ్లకు నీడ ఇవ్వడం తప్పని నేననను, ఇవ్వాలి కూడా. కానీ ఆ డబ్బు ఇంకో దేశంలో టీకాలకో బడికో పెట్టాల్సిన దాంట్లోంచి తీసుకున్నదని జనానికి తెలియాలి కదా. కమిటీ 2023లో దీనిమీదే విడిగా నివేదిక ఇచ్చింది, అప్పటి నుంచి ఏటా గణాంకాలు వచ్చినప్పుడు అందరూ ముందు చూసేది ఆ అంకెనే.

పాత కథ ఒకటి చెప్పకుండా ఉండలేను, నాకు ఈ పని మీద నమ్మకం కలిగింది దానివల్లే. మలేసియాలో పెర్గావ్ డ్యామ్‌కు బ్రిటన్ 23.4 కోట్ల పౌండ్లు సాయం ఇచ్చింది. ఆర్థికంగా అది గిట్టుబాటు కాదని, ఆ సాయం డబ్బుకు లెక్క చెప్పాల్సిన టిమ్ లాంకెస్టర్ అనే ఉన్నతాధికారి 1991లోనే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పారు. మంత్రి పక్కనపెట్టారు. 1993లో ఆడిట్ కార్యాలయం ఆ విషయం బయటపెట్టింది, పార్లమెంటు కమిటీలు తవ్వితే ఆయుధాల అమ్మకంతో ఉన్న లింకు కూడా బయటపడింది, 1994లో హైకోర్టు ఆ సాయం చట్టవిరుద్ధమని తేల్చింది. చివరికి 2002లో వచ్చిన చట్టం అభివృద్ధి సాయానికి పేదరికం తగ్గించడమే లక్ష్యంగా ఉండాలని చెప్పింది. ఫైలులో ఒక మనిషి రాసిపెట్టిన అభ్యంతరం లేకపోతే ఇందులో సగం జరిగేది కాదు.

సుస్థిర అభివృద్ధి లక్ష్యాల సంగతికొస్తే, ఇక్కడ పర్యవేక్షణ బలహీనం అనేదే నా అభిప్రాయం. 2015లో ఐక్యరాజ్యసమితిలో దేశాలు ఒప్పుకున్న ఆ 17 లక్ష్యాలు బ్రిటన్ లోపలి పేదరికానికి కూడా వర్తిస్తాయి, కానీ వాటి అమలుపై 2019లో బ్రిటన్ చేసిన జాతీయ సమీక్షను నడిపింది విదేశీ సాయం చూసే శాఖ. సొంత ఇంటి లెక్క ఎవరు చెప్పాలి? కమిటీ అప్పట్లో ఈ లోపాన్నీ, జనాన్ని సరిగా సంప్రదించకపోవడాన్నీ ఎత్తిచూపింది. మీ పని రెండువైపులా ఉంటే తప్పకుండా ఆ సంగతి రాయండి, అలా రాసేవాళ్లు తక్కువ.

ఇక రాసేటప్పుడు, వాళ్లు ప్రకటించిన ప్రశ్నల్లో మీకు స్వయంగా తెలిసిన ఒక్కదానికే జవాబు చెప్పండి. పేరాలకు నంబర్లు వేయండి, సాక్ష్యాన్ని ఉటంకించేది ఆ నంబరుతోనే. ఇంతకుముందు ఎక్కడైనా ప్రచురించినది పంపకూడదు. కమిటీ స్వీకరించాక దానికి సభా హక్కుల రక్షణ ఉంటుంది, ఎవరూ దావా వేయలేరు, కానీ అది నెట్‌లో అందరికీ కనిపిస్తుంది కాబట్టి క్షేత్రంలో పనిచేసేవాళ్ల పేర్లు, ఊళ్లు తీసేయండి. భయం ఉంటే పేరు లేకుండా ప్రచురించమని అడగొచ్చు. మీ సంస్థ పెద్దలకు టెన్షన్ ఉంటుంది, నిధులిచ్చేవాళ్లు ఏమనుకుంటారోనని. మాకూ ఉండేది. అంకెలు, తేదీలు మాత్రమే పెట్టి, ఎవరినీ నిందించకుండా రాస్తే వాళ్లే ఒప్పుకున్నారు.

నివేదిక వచ్చిన రెండు నెలల్లోపు ప్రభుత్వం జవాబివ్వడం ఆనవాయితీ. అందులో మీ అంశం పక్కన పాక్షికంగా అంగీకరిస్తున్నామని ఉంటే ఆ పేరా దాచుకోండి, ఏడాది తర్వాత దాన్నే చూపించి ఏం చేశారని మళ్లీ కమిటీకి రాయొచ్చు. గడువు దగ్గరపడి ఉంటే ముందు తేదీలు, ఖర్చుల పట్టిక తయారుచేసుకోండి, మిగతాది ఒక పూటలో అయిపోతుంది.