చోడి జావే తాగుతున్నా టిఫిన్ తర్వాత షుగర్ ఎందుకు తగ్గట్లేదు?

మీ ప్రశ్న చదివాను. అమ్మగారికి అరవై దగ్గరపడ్డాయి, రాజాంలో ఉంటారు, టైప్ టూ షుగర్. ఇడ్లీ, ఉప్మా మాన్పించి రోజూ పొద్దున్న పెద్ద గ్లాసుడు చోడి జావ, అంటే రాగి జావ, ఇస్తున్నారు. అయినా తిన్నాక 240 దాకా వస్తోంది, ఇక ఓట్స్ మొదలుపెట్టమంటారా అని అడిగారు. నాదీ విజయనగరం జిల్లాయే, నాకూ అదే షుగర్. చాలా ఏళ్ళుగా మాత్రల మీదున్నాను, ఇంట్లో వంటా నాదే. డాక్టర్ని కాదు గానీ ఈ పొద్దుటి టిఫిన్ సంగతి మాత్రం బాగా తెలుసు.

ముందు ఆ 240 గురించి. టిఫిన్‌కి ముందు ఎంత ఉందో మీరు రాయలేదు. పరగడుపునే 190 ఉంటే జావ పెంచింది 50 మాత్రమే. అప్పుడు ఎన్ని టిఫిన్లు మార్చినా లాభం లేదు, మందు సరిపోతోందో లేదో డాక్టరుగారు చూడాలి. అదే పరగడుపున 120 ఉండి 240కి వెళ్తుంటే, అది ఆ గ్లాసు వల్లే. అందుకని రెండుసార్లు చూడండి. మొదటి ముద్దకు ముందు ఒకసారి, ఆ ముద్ద నుంచి లెక్కపెట్టి రెండు గంటలకు ఇంకోసారి. స్ట్రిప్పులు ఖరీదు కాబట్టి రోజూ అక్కర్లేదు, కొత్త టిఫిన్ పెట్టిన రోజు చాలు. చెయ్యి సబ్బుతో కడిగి బాగా తుడుచుకున్నాకే గుచ్చాలి. వేలికి అరటిపండు జిగురు అంటుకుని ఉన్నా అంకె తప్పు వస్తుంది. మామూలుగా పరగడుపున 80 నుంచి 130 మధ్య, తిన్నాక 180 లోపు ఉండాలంటారు. వయసు పైబడినవాళ్ళకి, వేరే జబ్బులున్నవాళ్ళకి డాక్టర్లే కొంచెం సడలిస్తారు.

ఇక చోళ్ళు. మన వైపు వాటి మీద అందరికీ గురి, నాకూ ఉంది. వంద గ్రాముల్లో క్యాల్షియం 300 మిల్లీగ్రాములు దాటి ఉంటుంది, పీచు కూడా తెల్ల బియ్యం కంటే చాలా ఎక్కువ. కానీ అదే వంద గ్రాముల్లో పిండిపదార్థం 70 గ్రాముల దరిదాపుల్లో ఉంటుందని ఎవరూ చెప్పరు. బియ్యంలో 78. తేడా అంతే. పైగా మిల్లులో మెత్తగా ఆడించిన పిండిని పల్చగా కాచి తాగితే నమిలే పనే లేదు, గబగబా అరిగి నేరుగా రక్తంలోకి వెళ్ళిపోతుంది. మా అత్తగారు అంబలి తాగి పొలానికి పోయి మధ్యాహ్నం దాకా నడుం ఎత్తకుండా నాట్లు వేసేవారు. ఆ అంబలి అక్కడే ఖర్చైపోయేది. మనం తాగి కూర్చుంటున్నాం.

చోళ్ళు మానక్కర్లేదు. జావ మాని రొట్టె చెయ్యండి. గుప్పెడు పిండిలో అంతకు రెట్టింపు మునగాకు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి, పెనం మీద మందంగా తట్టి, మూతపెట్టి సన్నని సెగన కాల్చాలి. ఒక్కటి చాలు, పక్కన ఒక గుడ్డు. నాకు జావకి పెరిగే దానిలో సగం కూడా ఈ రొట్టెకి పెరగదు. మీ అమ్మగారికి ఎంత పెరుగుతుందో మీ మీటరే చెప్పాలి, ఒంటిని బట్టి మారుతుంది.

నేను నమ్మేది ఒక్కటే. టిఫిన్ పేరు కాదు, అందులో గింజ ధాన్యం ఎంత, పప్పు ఎంత అన్నది చూడాలి. పొద్దున్నపూట ఇది మరీ ముఖ్యం. తెల్లవారుజామున కార్టిసాల్ లాంటి హార్మోన్లు పెరిగి, లివర్ తనంతట తాను రక్తంలోకి గ్లూకోజ్ వదులుతుంది. ఇన్సులిన్ కూడా ఆ వేళ మందకొడిగా పనిచేస్తుంది. అందుకే రాత్రి తిన్నప్పుడు అంతగా పెంచని ఇడ్లీ, పొద్దున్న తింటే షుగర్ ఉన్న చాలామందికి ఎక్కువ పెంచుతుంది.

ఈ లెక్కన చూస్తే మన టిఫిన్లలో పెసరట్టుకి సాటి లేదు. పొట్టు పెసల్లో వంద గ్రాములకు 22 గ్రాములకు పైగా ప్రోటీన్, పీచు కూడా దండిగా ఉంటుంది. రాత్రి నానబెట్టి, పొద్దున్న అల్లం, జీలకర్ర, పచ్చిమిర్చి వేసి రుబ్బడమే. కరకరలాడాలని గుప్పెడు బియ్యం వేసే అలవాటు చాలా ఇళ్ళల్లో ఉంది, అది తీసెయ్యండి. బియ్యం లేకపోతే అట్టు కాస్త మెత్తగా వస్తుంది, పెనం బాగా కాలాక పిండి పల్చగా తిప్పితే సరిపోతుంది. లోపల ఉప్మా వద్దు, పెసరట్టు చేసిన మేలంతా ఆ రవ్వ పాడుచేస్తుంది. హోటల్ అల్లం చట్నీలో బెల్లం పడుతుంది, అది చాలామందికి తట్టదు. బెల్లమైనా పంచదారైనా షుగర్ పెంచడంలో ఒకటే. ఇంట్లో పల్లీ చట్నీయో కొబ్బరి చట్నీయో చేసుకోండి.

ఇడ్లీ పూర్తిగా మాన్పించడం నాకు ఇష్టం లేదు. ఇష్టమైనవన్నీ లాగేస్తే పెద్దవాళ్ళు దిగులు పడతారు, లేదా మీరు చూడనప్పుడు తింటారు. గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల రవ్వ పోస్తాం కదా, దాన్ని సమానం చెయ్యండి. ఇడ్లీ కొంచెం గట్టిగా ఉంటుంది, రెండు తినగానే కడుపు నిండుతుంది. సాంబారులో పప్పు, ములక్కాడ, సొరకాయ చిక్కగా ఉండాలి. రవ్వ అసలే లేకుండా ఒట్టి మినప్పిండితో ఆవిరి కుడుము వేస్తే ఇంకా మంచిది.

ఎండాకాలం చద్దన్నం అడిగితే? చల్లారిన అన్నంలో కొంత పిండి త్వరగా అరగని రకంగా మారే మాట నిజమే, కానీ ఆ కొంచెంతో అన్నం అన్నం కాకుండా పోదు. చిన్న గిన్నెడు పెట్టి, పక్కన ఉలవ గుగ్గిళ్ళు, ఉల్లిపాయ ఇవ్వండి. ముందు గుగ్గిళ్ళు తిని తర్వాత అన్నం తింటే పెరుగుదల ఇంకాస్త తగ్గుతుంది.

ఓట్స్ కోసం డబ్బు తగలెయ్యకండి. రెండు నిమిషాల్లో ఉడికే మసాలా ఓట్స్ కూడా జావ లాంటివే. షుగర్ పేషెంట్లకని అమ్మే పిండ్లు, బిస్కెట్లు కొనేముందు ప్యాకెట్ వెనక కార్బోహైడ్రేట్ ఎంత రాశారో చదవండి. అన్నట్టు, టిఫిన్‌కి ముందు టీతో అమ్మగారు బిస్కెట్లు తింటున్నారేమో చూడండి. మైదా బిస్కెట్లు రెండు, టీలో రెండు చెంచాల పంచదార, ఇవి టిఫిన్ లెక్కలోకి రావనుకుంటాం. తిన్నాక పది పదిహేను నిమిషాలు ఇంటి ముందు అటూ ఇటూ నడిస్తే అంకె తగ్గడం మీకే కనిపిస్తుంది.

ఒక్క జాగ్రత్త, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. అమ్మగారు వేసుకునే మాత్రల్లో గ్లిమిపిరైడ్ ఉందేమో చీటీ చూడండి. ఉంటే, గింజ ధాన్యం ఒక్కసారిగా తగ్గించినా, మాత్ర వేసుకుని టిఫిన్ ఆలస్యం చేసినా షుగర్ 70 కంటే కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం కనిపిస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పావుగంటకి మళ్ళీ చూడాలి. అందుకే టిఫిన్ మార్చే ముందే డాక్టరుగారికి చెప్పండి, అవసరమైతే డోసు తగ్గిస్తారు. కిడ్నీ సమస్య ఉంటే పప్పులు, గుడ్లు ఎంతవరకు పెట్టొచ్చో కూడా ఆయన్నే అడగండి. వెళ్ళేటప్పుడు టిఫిన్‌కి ముందూ తర్వాతా చూసిన అంకెలు, ఆ రోజు ఏం తిన్నారో పక్కనే రాసి ఒక కాగితం పట్టుకెళ్ళండి. పరగడుపున ఎంత వస్తోందో ఇక్కడ కూడా రాస్తే, జావ మార్చాలో మందు గురించి అడగాలో కొంతవరకు చెప్పగలను.